బోర్డు పీకితే ఊరు పోదు

మంచాల నుంచి పొద్దున్నే బస్సెక్కి ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలకు పోయే పిల్లలు లైనక్స్ మొదలుపెట్టగానే అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, లింకు డిలీట్ చేస్తే అసలు ఫైలు గూడ పోతదా?"

పోదు. 1983లో బర్కిలీ యూనిక్స్ 4.2తో వచ్చిన ఈ సింబాలిక్ లింకులో ఉండేది మరో ఫైలుకు పోయే దారి, అంతే. ఆరుట్లకు దారి చూపే బోర్డు పీకేస్తే ఆరుట్ల ఎక్కడికీ పోదు కదా! ఫైళ్లను తుడిచే ఆర్‌ఎం కమాండ్ పీకేది ఆ బోర్డునే. డైరెక్టరీ మొత్తం తుడవమన్నా, మధ్యలో తగిలిన లింకులను తీసేస్తుంది తప్ప వాటి వెంట అవతలికి పోదు.

అసలు ఫైలునే తీసేశామనుకోండి, లింకుకు ఆ కబురు అందదు. పేర్లు చూపే ఎల్‌ఎస్ కమాండ్ కొడితే దర్జాగా కనిపిస్తుంది, తెరవబోతే ఫైలు లేదంటుంది. అక్కడే అదే పేరుతో ఇంకో ఫైలు పెడితే మళ్లీ పనిచేస్తుంది, అది పాతదా కొత్తదా అని చూడదు.

మరి ఇంత బుద్ధిమంతమైన కమాండ్‌తో కొంపలెందుకు మునుగుతాయి? లింకు పేరు చివర స్లాష్, స్టార్ చేర్చడం వల్ల. స్టార్ అంటే అక్కడున్న పేర్లన్నీ అని. దాన్ని విప్పేది ఆర్‌ఎం కాదు, మనం కొట్టిన కమాండ్‌ను ముందుగా చదివే షెల్. అది లింకు దాటి పోయి, అవతలి డైరెక్టరీలో ఉన్న పేర్లన్నీ తెచ్చి ఆర్‌ఎం చేతిలో పెడుతుంది. చెప్పినవన్నీ ఆర్‌ఎం తుడిచేస్తుంది. పాపం, దానికి లింకు కనిపించనే లేదు. స్టార్ లేకుండా ఒట్టి స్లాష్ ఉన్నా కొన్ని సిస్టమ్స్ తప్పని ఆపుతాయి, కొన్ని లోపలికి దూరతాయి.

2015 జనవరిలో స్టీమ్ గేమ్ ప్రోగ్రామ్ లైనక్స్ వెర్షన్‌లో బయటపడింది ఇలాంటిదే. ఒకాయన స్టీమ్ ఫోల్డర్‌ను వేరే చోటికి జరిపి, పాత చోట లింకు పెట్టుకున్నాడు. స్టీమ్ స్క్రిప్టులోని ఆర్‌ఎం లైనులో ఫోల్డర్ పేరు ఉండాల్సిన చోట ఖాళీ మిగిలింది. ఆ ఖాళీ పక్కన స్లాష్, స్టార్ ఉన్నాయి. ముందు పేరేమీ లేని స్లాష్ అంటే రూట్, అన్ని డైరెక్టరీలకూ మూలం. దాంతో ఆయనకు తుడిచే అనుమతి ఉన్న ఫైళ్లన్నీ పోయాయి. రూట్‌ను కాపాడే రక్షణ ఆర్‌ఎంలో ఉంది కానీ, స్టార్ ముందే విచ్చుకుంటే అది అడ్డుపడదు. ఆ లైను పక్కన, రాసినవాళ్లే భయంగా ఉందని కామెంట్ పెట్టుకున్నారు. భయపడ్డవాళ్లు ఖాళీగా ఉందేమో చూసే ఒక్క లైను రాయలేకపోయారా?

పిల్లలూ, స్టార్ పెట్టి ఆర్‌ఎం కొట్టే ముందు, అదే లైనులో ఆర్‌ఎం బదులు ఎల్‌ఎస్ పెట్టి ఎంటర్ కొట్టండి. పోబోయే ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి. చదివాకే తుడవండి.