గాలికి తగ్గ పెట్రోల్

కారుకు పికప్ పెంచాలని సరదా పడేవాళ్లు సాధారణంగా కొత్త ఎయిర్ ఫిల్టర్, వెడల్పాటి సైలెన్సర్ పైపులతో మొదలుపెడతారు. బిగించగానే ఒక అనుమానం పట్టుకుంటుంది: ఇప్పుడు పెట్రోల్ చాలుతుందా? పంపు కూడా మార్చాలా? ఈ చిక్కును పాత కార్లను వేగం కోసం మార్చుకునే దక్షిణ కాలిఫోర్నియా హాట్‌రాడ్ కుర్రాళ్లు 1930ల్లోనే ఎదుర్కొన్నారు. కంప్యూటర్లు లేని ఆ కాలంలో వాళ్లు పట్టుకున్న కిటుకులు ఇప్పటికీ పనికొస్తున్నాయి.

వాళ్లకు అందుబాటులో దొరికిన ఇంజిన్ 1932లో వచ్చిన ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వి8. 3.6 లీటర్ల ఆ ఇంజిన్ బలం 65 హార్స్‌పవర్. నీళ్లింకి బల్లపరుపుగా మారిన మ్యూరాక్, ఎల్ మిరాజ్ సరస్సు నేలల మీద ఆ ఇంజిన్ ఉన్న కార్లను పరిగెత్తించేవారు. విక్ ఎడెల్‌బ్రాక్ తయారుచేసిన, సిలిండర్లకు గాలి-పెట్రోల్ పంచే 'స్లింగ్‌షాట్' మానిఫోల్డ్ మీద రెండు స్ట్రాంబర్గ్ 97 కార్బురేటర్లు కూర్చునేవి. గాలి దారి అలా పెరిగింది. ఇక మిగిలింది పెట్రోల్ పాళ్లు కుదర్చడం.

పెట్రోల్ పూర్తిగా మండడానికి దాని బరువుకు 14.7 రెట్లు గాలి కావాలి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం 12.5 నుంచి 13 రెట్ల దగ్గరే ఎక్కువ బలం వస్తుంది. లోపలికొచ్చిన ఆక్సిజన్ వృథా కాకుండా పెట్రోల్ కాస్త మిగులుగా ఉండాలి. ఆ మిగులు సిలిండర్‌ను కొంత చల్లబరుస్తుంది కూడా. అదే లోడు మీద పెట్రోల్ తగ్గితే మిశ్రమం అదుపు తప్పి మండి ఇంజిన్ నాక్ కొడుతుంది, ముదిరితే పిస్టన్ తలకు చిల్లు పడుతుంది.

కార్బురేటర్‌లో ఈ పాళ్లను శాసించేది మెయిన్ జెట్, సన్నటి బెజ్జమున్న ఇత్తడి ముక్క. 45 నంబరు జెట్ బెజ్జం అంగుళంలో వెయ్యింట 45 వంతులు, అంటే 1.14 మిల్లీమీటర్లు. దాని బదులు 48 వేస్తే కంటికి తేడా తెలియదు కానీ బెజ్జం వైశాల్యం దాదాపు 14 శాతం పెరుగుతుంది. అందుకే జెట్లను ఒక్కో నంబరే మార్చి చూసేవారు.

సరిపోయిందో లేదో చెప్పేది స్పార్క్ ప్లగ్. ఫుల్ థ్రాటిల్ మీద పోతూ, క్లచ్ తొక్కి అదే క్షణంలో ఇగ్నిషన్ కట్టేసి, బండి ఆగాక ప్లగ్ విప్పుతారు. పింగాణీ తెల్లగా పాలిపోతే పెట్రోల్ తక్కువ, మసిపట్టి నల్లబడితే ఎక్కువ, లేత గోధుమరంగులో ఉంటే కుదిరినట్టు. మన దగ్గర పాత ఆర్‌ఎక్స్ 100 మెకానిక్కులూ చూసేది ఈ రంగే. సీసం లేని నేటి పెట్రోల్‌తో రంగు అంత స్పష్టంగా పట్టదు కాబట్టి పింగాణీ అడుగున ఉండే సన్నటి వలయం దాకా చూడాలి.

మరి పంపు సంగతి? మామూలు పెట్రోల్ ఇంజిన్‌లో ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు అర పౌండు పెట్రోల్ ఖర్చవుతుందని ట్యూనర్లు లెక్కేస్తారు. ఫిల్టర్, పైపులు కలిసి 15 హార్స్‌పవర్ పెంచాయనుకుందాం. ఫుల్ థ్రాటిల్ మీద గంటకు అదనంగా కావలసింది దాదాపు నాలుగున్నర లీటర్లు. బాగున్న కంపెనీ పంపుకు సాధారణంగా ఇదేమంత బరువు కాదు. పైగా అవసరం లేని పెద్ద పంపు తంటా తెస్తుంది. స్ట్రాంబర్గ్ 97కు మూడు పీఎస్ఐ లోపు ఒత్తిడి చాలు. అంతకు రెట్టింపు పంపితే ఫ్లోట్ నీడిల్ ఆపలేక కార్బురేటర్ పొంగిపోతుంది.

ఇంజెక్షన్ కార్లలోనూ లెక్క ఇదే. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 140 హార్స్‌పవర్ ఇవ్వాలంటే గంటకు 70 పౌండ్లు, ఇంజెక్టర్‌కు 17.5 పౌండ్లు. ఇంజెక్టర్‌ను 80 శాతానికి మించి పనిచేయించకూడదనుకుంటే దాని సామర్థ్యం 22 పౌండ్లు ఉండాలి. ఉన్నవి అంతకు సరిపోతే కొత్తవి అక్కర్లేదు. చిన్న మార్పులను ఇంజిన్ కంప్యూటరైన ఈసీయూ, ఆక్సిజన్ సెన్సర్ కలిసి చాలావరకు సర్దుకుంటాయి. కానీ ఫుల్ థ్రాటిల్ మీద చాలా కార్లలో ఆ సెన్సర్ మాట చెల్లదు, ముందే రాసిపెట్టిన పట్టికే నడుస్తుంది. కాబట్టి పాళ్లను కచ్చితంగా కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టి అక్కడి పాళ్లు చూడాలి.

ప్లగ్ చూసినా సెన్సర్ చూసినా అడిగేది ఒకటే: పీల్చిన గాలికి తగ్గ పెట్రోల్ అందుతోందా? అందుతుంటే పంపు డబ్బులు జేబులోనే ఉంచుకోవచ్చు. అందకపోతే ముందు మూసుకుపోయిన పెట్రోల్ ఫిల్టర్ మార్చి, ఒత్తిడి కొలిచి, ఆ తర్వాతే పెద్ద పంపు బేరం చేయాలి.