చలి వేస్తోందని చెప్పే హక్కు

పిల్లల పుస్తకాన్ని విమర్శకుడు పట్టించుకోవడం మన సాహిత్యరంగంలో అరుదు. బొమ్మలు ముచ్చటగా ఉన్నాయనీ, భాష సరళంగా ఉందనీ రెండు మాటలు రాసి వదిలేస్తాం. కానీ మనిషి మొట్టమొదట నేర్చుకునే నీతి చాలావరకు ఈ పుస్తకాల్లోంచే వస్తుంది. అందుకే ఒక రష్యన్ శీతకాలపు కథనూ, దాన్ని తిరిగి చెప్పినవాళ్లనూ ఇక్కడ పరిశీలించదలచుకున్నాను.

కథ పేరు 'మొరోజ్కో'. గడ్డకట్టించే చలికి రష్యన్ రైతు పెట్టుకున్న ముద్దుపేరు అది. సవతి తల్లి ఒత్తిడికి లొంగి తండ్రి తన కూతుర్ని మంచుబండిలో తీసుకువెళ్లి అడవిలో చెట్టు కింద వదిలేస్తాడు. కొమ్మ మీంచి కొమ్మకు దూకుతూ మొరోజ్కో వస్తాడు. వెచ్చగా ఉందా అని అడుగుతాడు. అడిగినకొద్దీ చలి పెంచుతాడు. నాలుక కొయ్యబారుతున్నా ఆ పిల్ల వెచ్చగానే ఉందంటుంది. చలిదేవుడు జాలిపడి ఉన్ని కోట్లు, పెట్టెనిండా కట్నం ఇస్తాడు. ఆశపడిన సవతి తల్లి తన సొంత కూతుళ్లనూ పంపుతుంది. వాళ్లు చలి చంపేస్తోందని తిడతారు. గడ్డకట్టి చచ్చిపోతారు.

ఈ కథను ఇంగ్లీషు పిల్లలకు చెప్పినవాడు ఆర్థర్ రాన్సమ్. 1913లో రష్యా వెళ్లి, ఆ భాష నేర్చుకుని, 1916లో 'ఓల్డ్ పీటర్స్ రష్యన్ టేల్స్' ప్రచురించాడు. అడవిలో గుడిసె, ముసలి తాత, తల్లిదండ్రులు లేని ఇద్దరు మనవలు. వాళ్లకు తాత చెప్పే కథలుగా పుస్తకం నడుస్తుంది. రాన్సమ్ వచనంలో పల్లెటూరి వెచ్చదనం ఉంది, వెటకారం లేదు. పరాయి దేశపు రైతును వింతజంతువులా చూపించలేదు. ఇది చిన్న గుణం కాదు.

అయినా ఒక ప్రశ్న అడగక తప్పదు. ఈ కథ ఎవరికి బహుమతి ఇస్తోంది? తన బాధ గురించి బలవంతుడికి అబద్ధం చెప్పినదానికి. ఎవరిని చంపుతోంది? చలి వేస్తోందని నిజం చెప్పినవాళ్లను. వాళ్లు నోటి దురుసువాళ్లే కావచ్చు, సోమరులే కావచ్చు. కానీ వాళ్లు చెప్పిన మాట నిజం. ఇక ఈ ఘోరానికంతటికీ బండి కట్టిన తండ్రికి ఏ శిక్షా లేదు. నేరమంతా సవతి తల్లి నెత్తిన పడుతుంది. శీతకాలంలో తిండిగింజలు తరిగే కొద్దీ ఇంట్లో ఏ నోరు ఎక్కువైందో లెక్క వేసే దరిద్రం మాత్రం తెర వెనకే ఉండిపోతుంది.

జానపదుల మీద తొందరపడి తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. రష్యన్ రైతుల ఇళ్లలో పండుగ రాత్రి చలిని పేరుపెట్టి పిలిచి, జావ తాగిపొమ్మని, తమ ఓట్ల పైరును కొట్టవద్దని వేడుకునే ఆచారం ఉండేది. మశూచిని మనవాళ్లు 'అమ్మవారు' అన్నట్టే ఇదీను. చేతకాని శక్తిని మనిషి మంచిమాటతో మెత్తబరచుకోవాలని చూస్తాడు. ఆ పిల్ల జవాబుకు మూలం బహుశా అక్కడే ఉంది. అయితే ఆచారం పోయి కథ మిగిలినప్పుడు, ప్రకృతి ముందు చూపిన జాగ్రత్త మనిషి ముందు చూపే విధేయతగా మారుతుంది. అఫనాస్యెవ్ ఈ కథలను సంపుటాలుగా అచ్చువేసింది 1855 నుంచి 1863 వరకు. రష్యాలో రైతుబానిసత్వం రద్దయింది 1861లో. రష్యన్ కథలో ఆ పిల్ల చలిని 'బాత్యుష్కా' అంటుంది. 'తండ్రీ' అని అర్థం. రైతు తన భూస్వామినీ, జారునూ పిలిచింది కూడా ఆ మాటతోనే. తెలుగులోకి తెచ్చే అనువాదకుడికి ఇక్కడే పరీక్ష. 'తండ్రీ' అంటే ప్రేమ మిగులుతుంది, 'దొరా' అంటే భయం బయటపడుతుంది. 'బాంచెన్ దొరా' అన్న మాట బరువు తెలిసిన పాఠకులున్న భాష మనది.

బొమ్మల సంగతికి వస్తాను. రాన్సమ్ పుస్తకానికి బొమ్మలు వేసిన ద్మీత్రీ మిత్రోహిన్ 'మీర్ ఇస్కుస్త్వా' కళాకారుల బృందానికి చెందినవాడు. స్పష్టమైన గీత, చదునైన రంగు, అలంకారం మీద మక్కువ ఆ బాణీ లక్షణాలు. అందంలో లోటు లేదు. చిక్కు కూడా అక్కడే ఉంది. అలంకారచిత్రంలో మంచు నగలా మెరుస్తుంది; ఆ నగ కింద ఒక పిల్ల చచ్చిపోతోందని కన్ను మరిచిపోతుంది. మంచు కురవని మన ఊళ్ల పిల్లలకు చలి ఎంతటిదో చెప్పాల్సింది బొమ్మే. బిగుసుకుపోయిన వేళ్లు గీయని చిత్రకారుడు, కథలోని అబద్ధాన్ని తనకు తెలియకుండానే బలపరుస్తాడు.

మార్పు సాధ్యమా అంటే, రెండు దారులు మన ముందున్నాయి. 1964లో అలెక్సాందర్ రో తీసిన 'మొరోజ్కో' సినిమాలో సవతి చెల్లెలు చావదు. పందులు లాగే బండిలో ఇంటికి వచ్చి నవ్వులపాలవుతుంది. చావు తప్పింది గానీ పరీక్ష తప్పలేదు. రెండో దారి మర్షాక్‌ది. యుద్ధం మధ్యలో, 1943లో వెలువడిన 'పన్నెండు నెలలు' ఇలాంటి కథే: సవతి తల్లి, నడిశీతకాలం, అడవిలో పిల్ల. కానీ మంట చుట్టూ కూచున్న నెలలు ఆమెను పరీక్షించవు. వచన కథలో వాటికి ఆమె ముందే తెలుసు. నీళ్ల బిందెలతో మంచుగుంట దగ్గర, కట్టెలమోపుతో అడవిలో చూసినవే. ఆ పిల్ల తన కష్టం దాచదు, ఉన్నదున్నట్టు చెబుతుంది. విని, ఏప్రిల్ తన అన్నల దగ్గర ఒక గంట అడిగి తీసుకుంటాడు. విధేయత ఉన్న చోట శ్రమనూ, జాలి ఉన్న చోట సాటివాళ్ల సాయాన్నీ పెట్టాడు మర్షాక్. చెడ్డవాళ్లను మంచులో చంపడం అతని వచన కథా మానలేదు, నిజమే. కానీ కథకు ఇరుసు మారింది.

మాస్కోలో అచ్చయిన తెలుగు పిల్లల పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో చవగ్గా దొరికిన రోజులు 1991తో ముగిశాయి. ఇప్పుడు ఆ కథలను మళ్లీ చెప్పే పని మనదే. చెప్పేవాళ్లు జానపద కథను పవిత్రగ్రంథంగా చూడనక్కర్లేదు. నినాదంగా మార్చనూ వద్దు. వెచ్చగా ఉందా అని బలవంతుడు అడిగినప్పుడు, లేదు, చలి వేస్తోంది అని ఒక పిల్ల మర్యాదగా, నిర్భయంగా చెప్పి బతికి బయటపడే కథ మనం రాయగలమా? నా దృష్టిలో ఈ కథను తిరిగి చెప్పే రచయితకు గీటురాయి అదే.