‘లేరు’ అన్న మాటకు పత్రిక జవాబు: గోలకొండ కవుల సంచిక – ఒక పరిశీలన

ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అనే ఆరు ప్రశ్నలను వార్తా రచన పాఠంలో మీరు చదివారు. ఈ ప్రశ్నలు సంఘటనలకే పరిమితం కావు. ఒకరు వెలిబుచ్చిన అభిప్రాయాన్ని కూడా వీటితో పరీక్షించవచ్చు. ఇందుకు తెలుగు పత్రికా చరిత్రలోనే చక్కని ఉదాహరణ ఉంది.

సురవరం ప్రతాపరెడ్డి 1926లో హైదరాబాదు నుంచి గోలకొండ పత్రికను ప్రారంభించారు. నిజాం రాజ్యంలో అప్పటి అధికార భాష ఉర్దూ. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన కూడా ఉర్దూలోనే సాగేది. ఆ రాజ్యంలో తెలుగు కవులు లేరన్న అభిప్రాయాన్ని ఒక రచయిత వెలిబుచ్చారు. దానికి జవాబుగా 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడింది. అందులో 354 మంది కవులకు చోటు లభించింది.

ఈ జవాబులోని బలం ఎక్కడుంది? ఘాటైన సంపాదకీయంతో సరిపెట్టి ఉంటే అది ఒక అభిప్రాయానికి ఎదురుగా నిలిచిన మరో అభిప్రాయమే అయ్యేది. కవులను, వారి పద్యాలను ముందుంచడం వల్ల తీర్పు పాఠకుని చేతికి వచ్చింది. ‘లేరు’ అన్న మాటను కాదనడానికి నిజానికి ఒక్క కవి చాలు. కాని ఒక్కరిని మినహాయింపుగా తోసిపుచ్చవచ్చు. వందల మందిని అలా తోసిపుచ్చడం సాధ్యం కాదు.

అయితే మెచ్చుకోలుతో ఆగిపోతే అది విమర్శ కాదు. 354 అనే సంఖ్య ‘ఉన్నారా?’ అన్న ప్రశ్నకు జవాబు చెబుతుంది. ‘వారి కవిత్వం ఎలాంటిది?’ అన్న ప్రశ్నకు చెప్పదు. ఉనికిని నిరూపించే సంకలనం వీలైనంత మందిని చేర్చుకుంటుంది. ఉత్తమ కవిత్వాన్ని ఎంచే సంకలనం చాలామందిని వదిలేస్తుంది. ఈ రెండింటినీ ఒకే కొలతతో కొలవకూడదు. అలాగే, అచ్చులో వచ్చే సంచిక కాగితం మీదికి ఎక్కిన కవిత్వాన్నే సులభంగా అందుకోగలదు. నోటిమాటగా బతికిన పాటలు కట్టినవారి సంగతేమిటన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

దూరవిద్యలో చదువుతున్న మీకు రోజూ వెళ్లి కూర్చునే వార్తాగది ఉండకపోవచ్చు. కాని మీ ఊరు ఉంది. ‘అక్కడ చెప్పుకోదగ్గది ఏమీ లేదు’ అని మీ ప్రాంతం గురించి ఎవరైనా అంటే కోపం రావడం సహజం. ఆ కోపాన్ని నోట్‌బుక్‌లో పేర్లుగా, తేదీలుగా, సాక్ష్యాలుగా మార్చగలిగిన రోజున మీరు ఈ పాఠం నేర్చుకున్నట్లే.

అభ్యాసం: మీ ప్రాంతం గురించి ‘లేదు’ లేదా ‘లేరు’ అని చెప్పే ఒక వార్తను ఎంచుకోండి. కనీసం ఐదుగురితో స్వయంగా మాట్లాడి, ఆ మాట ఎంతవరకు నిజమో ఒక పేజీలో రాయండి. మీ సమాచారం దేనిని నిరూపించలేదో చివరి పేరాలో తెలపండి.