చవక బండి, ఖరీదైన పికప్

యానాంలో బండి మోజుకి కారణాలు వెతుక్కోనక్కర్లేదు. ఆంధ్రా కంటే పెట్రోలు చవక, రోడ్డు ట్యాక్సు చవక. ఇక పాత మారుతీ 800 అయితే మంచి సెల్‌ఫోను ధరకే దొరుకుతోంది. మా మెట్టకూరు కుర్రాడొకడు అలాంటిదే కొన్నాడు. పీవై 04 నంబరు, తెల్ల రంగు, కార్బొరేటర్ మోడల్. కొన్న కొద్ది రోజులకే వచ్చి, "బాబాయ్‌గారూ, దీనికి జెన్ కారు ఇంజిన్ ఎక్కించేద్దామనుకుంటున్నానండీ. సైలెన్సర్ మార్చి, అల్లాయ్ వీల్స్ వేయిస్తే ఎగిరిపోద్దండి" అన్నాడు.

ఎగురుతుందో లేదో తర్వాత చూద్దాం. ముందు డబ్బు లెక్క. బండి చవగ్గా వచ్చింది కదా, మిగిలింది దాని మీదే పెడదామనుకుంటారు చాలామంది. బండి ధర తగ్గిందని మెకానిక్ కూలి తగ్గదు, లేత్ పని తగ్గదు, పెయింటు తగ్గదు. పెట్టినదంతా అమ్మేటప్పుడు తిరిగి రాదు. పైగా 'కెలికిన బండి' అని కొనేవాడు ఇంకో నాలుగు వేలు కోస్తాడు. కాబట్టి ఇది పెట్టుబడి కాదు, సరదా. సరదాకి ఎంత పెట్టగలమో ముందే గిరి గీసుకోవాలి.

1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతీ 800ది 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజిన్. కార్బొరేటర్ మోడల్‌కి 37 హార్స్‌పవర్. జెన్‌ది 993 సీసీ, 50 హార్స్‌పవర్. అంటే ఇంజిన్ దింపడం, మౌంటింగులు మార్చడం, వైరింగు కెలకడం, ఇంత తతంగమూ పదమూడు హార్స్‌పవర్ కోసం. అసలు 800 చలాకీగా ఉండడానికి కారణం ఇంజిన్ కాదు, బరువు. మొత్తం బండి దాదాపు 650 కిలోలు. వెనకాల స్పీకర్ల పెట్టె, బరువైన చక్రాలు, పెద్ద బంపరు తగిలించామంటే ఆ ఒక్క లాభమూ మన చేత్తోనే తీసేసినట్టు.

నన్నడిగితే ఇంజిన్ సంగతి చూడబోయే ముందు మ్యాట్ ఎత్తాలి. మనది గోదారి ఒడ్డు, సముద్రపు గాలి. 2022 జులై వరద ఎన్ని వీధుల్లోకి వచ్చిందో ఊళ్లో అందరికీ గుర్తే. నీళ్లలో నానిన బండికి పైన పెయింటు మెరుస్తుంది, కింద ఫ్లోరు అప్పడంలా విరుగుతుంది. ముందు సీట్ల కింద, తలుపు కింది అంచుల్లో, బ్యాటరీ కూర్చునే చోట, ముందు షాకబ్జార్లు బిగించిన గుబ్బల దగ్గర స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. టంగుమని మోగితే సరే, దిగబడితే మాత్రం ఆశ వదులుకోవాలి. పుట్టీ పూసి దాచారని అనుమానమొస్తే అయస్కాంతం పెడితే తెలిసిపోతుంది, పుట్టీ మీద అది అంటుకోదు. షాకబ్జారు గుబ్బ పుచ్చిపోయిన బండికి ఎంత ఇంజిన్ ఎక్కించినా డబ్బు దండగ, ప్రాణానికి ముప్పు.

బాడీ గట్టిగా ఉందనుకుందాం. అప్పుడు కంప్రెషన్. ఇంజిన్ వేడెక్కాక మూడు ప్లగ్గులూ ఊడదీసి, గేజి బిగించి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి స్టార్టరు తిప్పుతారు. మూడింటిలో ఒకటి బాగా తక్కువ చూపిస్తే, ఆ ప్లగ్గు కన్నంలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. రీడింగు లేస్తే రింగులో బోరో అరిగినట్టు. లేవకపోతే వాల్వుల దగ్గరో, హెడ్ గాస్కెట్ దగ్గరో లీకు ఉన్నట్టు. ఈ పరీక్ష మా షెడ్డులో చేస్తుంటే కుర్రాడు కళ్లార్పకుండా చూశాడు. మధ్య సిలిండరు నీరసంగా ఉంది, ఆయిల్ పోస్తే లేచింది. ఆ బండి ఆ 37 హార్స్‌పవరైనా ఇవ్వడం లేదన్నమాట. పోయినవి రాబట్టుకోకుండా పదమూడు ఎక్కువ కావాలంటున్నాడు.

పాత బండికి ఇంకో గొడవ ఇప్పటి పెట్రోలు. అందులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. ఆనాటి రబ్బరు పైపులూ కార్బొరేటర్ సీళ్లూ దానికోసం చేసినవి కావు. వాటిని మార్చడం కూడా ఖర్చులో రాసుకోవాలి.

ఇంజిన్ మార్పు చట్టానికీ సంబంధించిన విషయం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన స్వరూపం మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఇంజిన్ నంబరు ఆర్‌సీలోనే ఉంటుంది కాబట్టి ఆర్టీఓ అనుమతి లేకుండా మారిస్తే దొరికిపోవడం ఖాయం. అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5 వేల జరిమానా పడొచ్చు, ఆరు నెలల దాకా జైలూ ఉండొచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు వేలు పెట్టి చూపించేది ముందు దీన్నే. పైగా మనకి ఊరంతా కలిపి 30 చదరపు కిలోమీటర్లు. గేరు మార్చేలోగా ఆంధ్రాలో ఉంటాం, యానాం తెలిసినవాళ్లెవరూ అక్కడ పనికిరారు.

మరి ఈ చిన్న ఇంజిన్‌తో వేగం రాదా అంటే, ఎందుకు రాదు? కోయంబత్తూరుకి చెందిన కరివర్ధన్ ఫార్ములా మారుతీ రేసు కార్లు కట్టింది ఈ 800 ఇంజిన్‌తోనే. 2005లో ఫార్ములా వన్ నడిపిన తొలి భారతీయుడు నరైన్ కార్తికేయన్ మొదట్లో చెయ్యి తిప్పుకున్నది ఆ కార్లలోనే. ఇంజిన్ మారుతీది, చట్రం మాత్రం రేసు కోసమే కట్టింది, ఒక్కడే కూర్చునేది, తేలికైనది. నడిపింది ట్రాకు మీద. మన బండి నడిచేది 216 జాతీయ రహదారి మీద, కొబ్బరి లోడు లారీల మధ్య. బ్రేకు తొక్కాక జారే దూరం గంటకి 60తో పోలిస్తే 80లో ఒకటిముప్పావు రెట్లకి పైనే. ఈ లెక్క ఇంజిన్ అమ్మేవాడు చెప్పడు.

అందుకే కుర్రాడికి చెప్పిన వరస ఇది. ముందు బ్రేకులు, టైర్లు, షాకబ్జార్లు, బుష్‌లు. తర్వాత రింగులు, కార్బొరేటర్ సర్వీసు, ట్యూనింగు. బండి కొత్తలో ఎలా నడిచిందో అలా నడిపించు. సగం మందికి అక్కడే పికప్ కోరిక తీరిపోతుంది. తీరకపోతే జెన్ ఇంజిన్ కొనే డబ్బు దాచి, కాస్త కలిపి, జెన్నే కొనుక్కో. బేరానికి నన్ను పిలువు, మ్యాట్ నేనే ఎత్తుతాను.