చిట్టా నుంచి క్లౌడ్ దాకా: నంద్యాల లెక్కల కొత్త దారి

1986లో బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి బీపీటీ 5204 అనే వరి రకం విడుదలైంది. సాంబ మసూరిగా పేరుపడిన ఆ రకం కేసీ కెనాల్ ఆయకట్టు రైతుకు అచ్చొచ్చింది. నంద్యాల మిల్లులకు సోనా బియ్యం పేరు తెచ్చిపెట్టింది. అదే ఏడాది బెంగళూరులో శ్యామ్ సుందర్ గోయెంకా అనే వ్యాపారి, తన లెక్కలకు తగిన సాఫ్ట్‌వేర్ ఎక్కడా దొరక్క, కొడుకు భరత్ చేత ఒకటి రాయించుకున్నారు. ఆ తర్వాత దాని పేరు ట్యాలీ అయింది. ఈ రెండూ ఇవాళ మిల్లు ఆఫీసు గదిలో కలుస్తున్నాయి. గోదాములో బస్తాలుంటే, వాటి లెక్క ట్యాలీలో ఉంటోంది.

ఆ లెక్క ఇప్పుడు మరో మజిలీ దాటుతోంది. మిల్లు కంప్యూటర్‌లోని అంకెలు ఎప్పటికప్పుడు పవర్ బీఐ, జోహో అనలిటిక్స్, లుకర్ స్టూడియో లాంటి క్లౌడ్ విశ్లేషణ వేదికలకు చేరి, యజమాని ఎక్కడున్నా ఫోన్‌లో పటాలుగా కనిపించే వీలుంది. పైకి ఇదంతా కొత్త విద్యలా కనిపించినా దీని పునాది చాలా పాతది.

తెలుగు వ్యాపారులకు చిట్టా, ఆవర్జా తరతరాల అలవాటు. ఏ పూట లావాదేవీ ఆ పూటే చిట్టాకెక్కాలి. అక్కడి నుంచి పేరుపేరునా ఆవర్జాలోని ఖాతాలకు పంచాలి. కొట్టు కట్టేముందు గుమాస్తా రొక్కం సరిచూసి, తేడా వస్తే అది తేలేదాకా లేచేవాడు కాదు. ట్యాలీలోని డే బుక్, లెడ్జర్ నడిచేదీ ఈ వరసలోనే. క్లౌడ్ వచ్చాక మారిందల్లా చిట్టా రాసే చోటు, చదివే చోటు వేరు కావడమే. రాసే క్రమశిక్షణ సడలితే చదివేవారికి చేరేది పాత కబురే. ధాన్యం లోడు సోమవారం కాటాకెక్కి, దాని పద్దు గురువారం పడితే, నిమిషానికోసారి తాజా అయ్యే డ్యాష్‌బోర్డు కూడా మూడు రోజులు వెనకే ఉంటుంది.

లెక్కల సాఫ్ట్‌వేర్ బయటి ప్రపంచంతో మాట్లాడటం మన వ్యాపారులకు కొత్త కాదు. జీఎస్టీ ఈ-ఇన్‌వాయిస్ 2020 అక్టోబర్ 1న 500 కోట్ల రూపాయలు దాటిన టర్నోవర్ ఉన్నవారితో మొదలై, 2023 ఆగస్టు 1 నాటికి 5 కోట్లు దాటినవారి దాకా దిగివచ్చింది. బిల్లు కొట్టగానే అది పోర్టల్‌కు వెళ్లి, నమోదు సంఖ్యతో, క్యూఆర్ కోడ్‌తో తిరిగొస్తుంది. ఆ బిల్లు సమాచారాన్ని సర్కారుకు పంపే వ్యాపారి, తన కోసం క్లౌడ్‌కూ పంపుకోవచ్చు.

పంపే పద్ధతి ఇలా ఉంటుంది. ట్యాలీలో కనెక్టివిటీ సెట్టింగు మార్చితే, ఆ ప్రోగ్రామ్ సర్వర్‌గా మారి సాధారణంగా 9000 నంబరు పోర్టు దగ్గర ప్రశ్న కోసం ఎదురుచూస్తుంది. ఎక్స్‌ఎంఎల్ రూపంలో అడిగితే ఖాతాలు, వోచర్లు, సరుకు నిల్వలు అదే రూపంలో ఇస్తుంది. అయితే ట్యాలీ తెరిచి ఉండాలి, కావాల్సిన కంపెనీ అందులో లోడై ఉండాలి. పైగా బిల్లులు కొట్టే వేళ పెద్ద ప్రశ్నలు పదేపదే వేస్తే గుమాస్తా పని నెమ్మదిస్తుంది. అందుకే తెలిసినవాళ్లు మధ్యలో ఒక డేటాబేస్ పెడతారు. ట్యాలీ డేటాబేస్ లోడర్ అనే ఓపెన్ సోర్స్ పరికరం ఈ పని ఉచితంగా చేస్తుంది. ట్యాలీ నుంచి తీసిన పద్దులను మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేస్‌లలో పట్టికలుగా సర్దుతుంది.

అక్కడి నుంచి క్లౌడ్‌కు చేర్చేది గేట్‌వే. పవర్ బీఐ గేట్‌వేను ఆఫీసులో ఎప్పుడూ ఆన్‌లో ఉండే కంప్యూటర్‌లో పెట్టాలి. అది లోపలి నుంచి బయటికే సంబంధం కలుపుకుంటుంది కాబట్టి ఇంటర్నెట్ వైపు కొత్త పోర్టు తెరవక్కర్లేదు. 9000 పోర్టును మాత్రం ఎన్నడూ బయటికి తెరవకూడదు. అది ఆఫీసు నెట్‌వర్క్ లోపలి వాడుకకే. కరెంటు పోయే ఊళ్లలో ఆ కంప్యూటర్‌కు యూపీఎస్ తప్పనిసరి.

తాజాదనానికీ హద్దులున్నాయి. డేటాను పవర్ బీఐలోకే తెచ్చుకునే దిగుమతి (ఇంపోర్ట్) పద్ధతిలో పవర్ బీఐ ప్రో లైసెన్సు మీద రోజుకు 8 సార్లే షెడ్యూల్ ప్రకారం రిఫ్రెష్ అవుతుంది. మిల్లుకు అది చాలు. కాటా మొదలయ్యేముందు ఒకసారి, ధరలు తేలే వేళకు మరోసారి, చివరి లారీ కదిలాక ఇంకోసారి అంటూ వ్యాపారం నడకను బట్టి వేళలు ఎంచుకోవాలి.

అసలు నేర్పు మారిన పద్దును పట్టుకోవడంలో ఉంది. తేదీని బట్టి నిన్నటివి, ఇవాళ్టివి మాత్రమే తెచ్చుకుంటే, వెనక తేదీ వేసి ఇవాళ రాసిన పద్దు జారిపోతుంది. ట్యాలీ ప్రతి మార్పుకూ ఆల్టర్ ఐడీ అనే పెరిగే సంఖ్య ఇస్తుంది. కిందటిసారి చూసిన సంఖ్యకు పైనున్నవన్నీ అడిగితే వెనక తేదీ పద్దులూ దొరుకుతాయి. కానీ తుడిచేసిన వోచర్ ఇందులో కనపడదు. దానికోసం ప్రతి వోచర్‌కూ ఉండే జీయూఐడీల జాబితాను రెండు చోట్లా పోల్చి, ట్యాలీలో లేనివాటిని డేటాబేస్ నుంచి తీసేయాలి. ఎక్స్‌ఎంఎల్‌లో డెబిట్ మొత్తాలు మైనస్ గుర్తుతో వస్తాయన్న సంగతి తెలియక రాబడిని తలకిందులుగా చూపించే నివేదికలు తయారుచేసినవారూ ఉంటారు.

ఇంతవరకూ ఏ ఊరికైనా ఒకటే. నంద్యాల లెక్క నంద్యాల వ్యాపారం తెలిసినవాళ్లకే కుదురుతుంది. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు లేబుల్ వేసి ప్యాక్ చేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది. తెలుగు రాష్ట్రాల మార్కెట్లలో 26 కిలోల బస్తా కనిపించడం ఆ తర్వాతే. నివేదికలో బస్తాల సంఖ్య కూడితే 25, 26 కిలోల బస్తాలు కలిసిపోయి నిల్వ తప్పుతుంది. అన్నిటినీ క్వింటాళ్లలోకి మార్చాకే కూడాలి. జిల్లాలవారీ అమ్మకాల్లోనూ ఇలాంటి చిక్కే ఉంది. నంద్యాల 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా అయింది. అంతకుముందు తెరిచిన ఖాతాల్లో కర్నూలు జిల్లా అనే ఉంటుంది. ఖాతాలు సరిదిద్దకపోతే ఒకే ఊరి కొనుగోలుదారులు రెండు జిల్లాల కింద చీలిపోతారు.

విశ్లేషణ వేదికలు పాత సరుకును సాధారణంగా ఎర్ర రంగులో, కదలని నిల్వగా చూపిస్తాయి. మందుల షాపుకు అది న్యాయమే. సోనా బియ్యానికి మాత్రం పాతబడేకొద్దీ విలువ పెరుగుతుంది. అన్నం పొడిపొడిగా వస్తుందని పాత బియ్యానికి ఎక్కువ ధర ఇచ్చి కొంటారు. కాబట్టి ఇక్కడ లాట్ వయసు పక్కనే ధర, గోదాము ఖర్చు, దాని మీద తెచ్చిన అప్పు వడ్డీ కనపడాలి. అప్పుడే ఏ లాట్ ఇంకా ఉంచాలో, ఏది ఇవాళే అమ్మాలో తేల్చుకోవచ్చు. మిల్లుకు అక్కరకొచ్చే మరో అంకె దిగుబడి. ప్రభుత్వానికి ఆడించి ఇచ్చే పచ్చి బియ్యానికి క్వింటాలు ధాన్యానికి 67 కిలోలన్నది కొలత. లాట్ల వారీగా బియ్యం, నూక, తవుడు, ఊక ఎంతెంత వచ్చాయో అదే రోజు తెలిస్తే, ధాన్యంలో తేమ వల్ల తేడా వచ్చిందో యంత్రం వల్ల వచ్చిందో వెంటనే ఆరా తీయొచ్చు. వేబ్రిడ్జి లెక్క వేరే సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది కనుక, రెండింటిలోనూ ఒకే లాట్ నంబరు రాయడం ఈ పనికి ప్రాణం.

నంద్యాల నుంచి కడప రోడ్డున దాదాపు 40 కిలోమీటర్లు వెళ్తే ఆళ్లగడ్డ. అక్కడి శిల్పుల లెక్క పూర్తిగా వేరు. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ శిలా శిల్పంలో ఒక్కో ఆర్డరు నెలల తరబడి సాగుతుంది. అడ్వాన్సు ముందు వస్తుంది. రాయి, కూలి, రవాణా ఖర్చులు విడివిడిగా పడతాయి. ఇక్కడ గంటగంటకూ రిఫ్రెష్ అక్కర్లేదు, వారానికోసారి చాలు. ఆర్డరుకొక కాస్ట్ సెంటర్ తెరిచి ప్రతి ఖర్చూ దాని కింద రాస్తే, విగ్రహం పీఠం మీదికి చేరేనాటికి అసలు ఎంతైందో తేలుతుంది. తర్వాతి ఆర్డరుకు ధర చెప్పేటప్పుడు ఉలి పట్టిన చేతికి న్యాయమైన కూలి అడిగే ఆధారం దొరుకుతుంది. రాతి దేవతా విగ్రహాలకు 2018 జులైలో జీఎస్టీ మినహాయింపు వచ్చింది. వాటినీ ఇతర శిల్పాలనూ ఒకే సరుకు పేరు కింద రాయకుండా ఉంటే పన్ను లెక్కా, విశ్లేషణా రెండూ తేటగా ఉంటాయి.

క్లౌడ్‌కు ఏది పంపాలో ఎంత ముఖ్యమో, ఏది పంపకూడదో అంత ముఖ్యం. రైతుల ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఏ పటానికీ అక్కర్లేదు. వాటిని మిల్లు కంప్యూటర్‌లోనే ఉంచి, పైకి ఊరి పేరు, పరిమాణం, ధర పంపితే సరిపోతుంది. వ్యక్తుల సమాచారాన్ని కాపాడే బాధ్యతను 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా గుర్తుచేస్తోంది.

మొదలుపెట్టేవారు ముందుగా ఒక్క నెల ట్రయల్ బ్యాలెన్స్ తీసుకుని, ట్యాలీలోనూ క్లౌడ్‌లోనూ పైసాతో సహా కలిసేదాకా మరో పటం గీయకూడదు. అది కలిశాక రావాల్సిన బాకీలు, ఆ తర్వాత లాట్ల వయసు, చివరికి దిగుబడి. ఈ పనికి హైదరాబాద్, బెంగళూరు నుంచి మనుషులు రావాల్సిన అవసరం లేదు. బీకాం చదివి ట్యాలీ నేర్చుకున్న నంద్యాల, ఆళ్లగడ్డ పిల్లలకు పద్దు రాయడం వచ్చు, బస్తా తూకం తెలుసు, పాత బియ్యం విలువ తెలుసు. వారికి తక్కువైంది డేటాబేస్‌ను ప్రశ్నించే ఎస్‌క్యూఎల్ భాష కాస్త, ఒక రిపోర్టింగ్ వేదిక మీద అభ్యాసం. స్థానిక డిగ్రీ కాలేజీల కామర్స్ శాఖలు చివరి ఏడాది ప్రాజెక్టుగా ఏదో ఒక మిల్లు లెక్కను, ఆ మిల్లు అనుమతితో, ఇలా కలిపి చూపమని అడిగితే ఆ కొరత తీరుతుంది.