మేకు కొట్టకుండా కట్టిన చీకటి

హైదరాబాద్‌లో సోమాజిగూడకు దగ్గరగా ఒక పాత ఇంటి పై వాటాలో చిన్న పడకగది ఉంది. అందులో అద్దెకుంటున్న నర్సు రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా డ్యూటీ చేసి, పదింటికల్లా పడుకోవాలి. కిటికీ చూస్తే తూర్పు ముఖం. ఇంటాయన రెండు నెలల అడ్వాన్సు తీసుకుంటూ పెట్టిన షరతు ఒక్కటే: "గోడకు ఒక్క మేకు కూడా దిగకూడదమ్మా." ఆ మాటకు కట్టుబడే ఆమె సొంత చేతులతో గదిని చీకటి చేసుకుంది. ఆ పనిని దగ్గర నుంచి చూసిన నాకు, దాని గురించి వివరంగా రాయాలనిపించింది.

మందపాటి కర్టెన్ వేసుకుంటే చాలదా అని ఎవరికైనా అనిపిస్తుంది. చాలదు. నడిమింటి ఎండలో ఆరుబయట వెలుగు లక్ష లక్స్ దాకా ఉంటుంది. నిండు పున్నమి వెన్నెల అర లక్స్ కూడా ఉండదు. కిటికీ మీద ఇరవై వేల లక్స్ పడుతుంటే, నూటికి తొంభై తొమ్మిది పాళ్లు ఆపిన తెర వెనక కూడా రెండు వందలు మిగులుతాయి. మన కంటిలో బొమ్మను చూపే కణాలు కాక, పగలో రాత్రో మెదడుకు చెప్పే కణాలు వేరే ఉన్నాయని 2002లో పరిశోధకులు చూపించారు. మెలనాప్సిన్ అనే పదార్థం ఉన్న ఆ కణాలు నీలి వెలుగుకు ఎక్కువగా స్పందిస్తాయి. వాటి లెక్కలో కొలిచినప్పుడు పడకగది వెలుగు ఒక లక్స్ దాటకుండా ఉంటే మంచిదని నిపుణుల బృందం 2022లో సూచించింది. రాత్రి డ్యూటీ చేసినవాళ్లను శరీరంలోని గడియారం ఎలాగూ పగలంతా మేలుకోమనే పోరుతుంటుంది. దానికి వెలుగు కూడా తోడైతే కళ్లు మూసినా నిద్ర నిలవదు.

గుడ్డలోంచి దూరే వెలుగు కన్నా గుడ్డ చుట్టూ తిరిగి వచ్చే వెలుగే ఎక్కువ. ఈ సంగతి పట్టుకోవడంలోనే ఆమె నేర్పంతా ఉంది. డబ్బును గుడ్డ మీద పెట్టలేదు, ఓపికను అంచుల మీద పెట్టింది.

కిటికీకి ఆమె ఎంచుకున్నది ఫ్లెక్సీలు ముద్రించే షాపుల్లో దొరికే సన్‌బోర్డు. ఐదు మిల్లీమీటర్ల మందం, తేలిక, మామూలు కట్టర్‌తో తెగుతుంది. కోసే ముందు చట్రానికి రెండు కర్ణాలూ కొలిచింది. రెండూ సమానంగా లేవంటే మూలలు మట్టంగా లేవన్నమాట. పాత ఇళ్ల కిటికీల్లో ఇది మామూలే. అందుకే టేపు కొలతలను నమ్మకుండా, న్యూస్‌పేపర్లు అతికించి చట్రంలో పరిచి, గోటితో అంచు వెంట మడత నొక్కి, ఆ మడత మీదే కోసింది. టైలరు జాకెట్టుకు కాగితం ముక్క కోసుకున్నట్టు, ఆ కిటికీకి తప్ప మరో కిటికీకి సరిపోని కొలత అది.

బోర్డును చట్రం కన్నా చుట్టూ నాలుగు మిల్లీమీటర్లు తక్కువ కోసి, ఆ ఖాళీలోకి స్పాంజి పట్టీ, దాని మీద నల్ల ముఖమల్ గుడ్డ అతికించింది. పాత 35 మిల్లీమీటర్ల ఫిల్ము డబ్బా నోటి దగ్గర వెలుగు దూరకుండా అతికించేదీ ముఖమల్ లాంటి నూగు గుడ్డే. స్పాంజి నొక్కుకుని బోర్డును చట్రంలో బిగించి పట్టుకుంటుంది, గుడ్డ నూగు సన్న సందులను మింగేస్తుంది. మేకు లేదు, గోడకు జిగురు లేదు. ఫ్యాను ఎంత జోరుగా తిరిగినా బోర్డు కదలదు, చప్పుడు చేయదు.

కిటికీ వెడల్పు కాబట్టి బోర్డులు రెండు. అవి కలిసేచోట అంచుకు అంచు ఆనించి వదిలేస్తే నిలువునా తెల్లటి గీత కనబడేది. ఆమె ఒకదాని మీదికి మరొకటి అంగుళం మేర ఎక్కేలా అతుకు పెట్టింది. అద్దం వైపు బోర్డు తెలుపును అలాగే ఉంచింది, ఎండ తిరిగి బయటికే పోతుంది. లోపలి వైపు నల్ల కాగితం అంటించింది, పొరపాటున దూరిన వెలుగు అక్కడే ఇంకిపోతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది వెంటిలేటర్ దగ్గర చేసిన పని. దాన్ని మూస్తే గదిలో ఉక్క, తెరిస్తే వెలుగు. గాలి మలుపు తిరగగలదు, వెలుగు నేరుగానే పోతుంది. ఆ ఒక్క తేడాను ఆధారం చేసుకుని, లోపలంతా నలుపు చేసిన అట్టపెట్టెలో రెండు అడ్డుపలకలు పెట్టింది. ఒకటి కింద సందు వదిలింది, రెండోది పైన. గాలి వంకర తిరిగి లోపలికి వస్తుంది. వెలుగు మాత్రం నల్లని గోడలకు కొట్టుకుంటూ రావాలి. ఆ నలుపు ప్రతిసారీ నూటికి ఐదు పాళ్లే వెనక్కి విసురుతుందనుకున్నా, మూడు దెబ్బలు తిన్నాక మిగిలేది పదివేలలో ఒకటిన్నర పాలు కూడా ఉండదు.

పని అయిందని ఆమె వెంటనే అనుకోలేదు. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. అందుకే మిట్టమధ్యాహ్నం తలుపు వేసుకుని అంతసేపూ కూర్చుని, ఆ తర్వాతే సందులు వెతికింది. బోర్డు మూలన మిగిలిన ఒక సన్న రంధ్రం ఎదురు గోడ మీద వీధిని తలకిందులుగా చూపిందట. హంపి విరూపాక్షాలయంలో గోపురం తలకిందుల నీడ పడటానికీ ఇదే కారణం. ఆ బొమ్మ ఎక్కడి నుంచి వస్తుందో చూసి ఆ రంధ్రానికి నల్ల టేపు వేసింది. తర్వాత స్టెబిలైజర్ ఎర్ర అంకెలు, దోమల మందు మిషను దీపం, స్విచ్ బోర్డు ఇండికేటరు ఒక్కొక్కటిగా టేపు కిందికి వెళ్లాయి. గదికి గడప లేదు కనుక తలుపు కింద సందుకు పాత చీర గొట్టంలా కుట్టి, ఇసుక నింపి అడ్డంగా వేసింది.

ఇంత గట్టిగా మూసినా, తీయడం ఒక్క క్షణం పని. ఒక్కో బోర్డుకు నాడా కుట్టి ఉంది. నిద్ర లేవగానే అది లాగితే కిటికీ మొత్తం తెరుచుకుంటుంది, గదికి గాలీ వెలుతురూ తగులుతాయి. ప్రమాదం వచ్చినా బయటి నుంచి గాలి, పిలుపు అందడానికి అడ్డేమీ ఉండదు. బోర్డుల వెనక చెమ్మ చేరి బూజు పట్టకుండా వాటిని రోజూ తీసి ఆరనివ్వడం కూడా ఆమె లెక్కలో భాగమే. ఇల్లు ఖాళీ చేసే రోజున గోడ మీద గీత కూడా మిగలదు.

మంచి పనికి కావలసిన గుణాలన్నీ ఇందులో ఉన్నాయి: కారణం తెలుసుకుని చేయడం, చివరి అంచు దాకా చేయడం, చేసినదాన్ని పరీక్షకు పెట్టడం, పరాయి సొత్తుకు హాని చేయకపోవడం. ఆస్పత్రుల్లో, ఫ్యాక్టరీల్లో, కాల్ సెంటర్లలో మన కోసం రాత్రంతా మేలుకునేవాళ్లకు పగటి నిద్ర హక్కు. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు ఈ నర్సు గదిని ఒక్కసారి చూస్తే, మేకు వద్దన్న నోటితోనే చీకటి చేసుకోమని చెప్పగలరు. అద్దెకుండేవాళ్లు ఖరీదైన కర్టెన్ కొనేముందు ఒక మధ్యాహ్నం తలుపు వేసుకుని గదిలో అరగంట కూర్చోవాలి. వెలుగు ఎటు నుంచి వస్తోందో చూస్తే, పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.