‘ఎప్పుడు’ అనే గడిలో పనితనం

సిడ్నీలోని గిరావీన్‌లో ఒక తెలుగింటి పనుల చిట్టా విప్పి చూద్దాం. పసుపు మూత బిన్ రెండు వారాలకోసారి వీధి అంచున పెట్టాలి. పెద్దవాడికి శనివారం సెలెక్టివ్ స్కూల్ కోచింగ్. కారు రీగో, అంటే రిజిస్ట్రేషన్ గడువు, దానికి ముందు పింక్ స్లిప్ అనే తనిఖీ. వంటింట్లో నీళ్ల ఫిల్టర్ మార్చడం. ఆదివారం గుంటూరులో ఉన్న అమ్మకి ఫోన్. నాన్నగారి తద్దినం. ఫోన్ తెర మీద ఇవన్నీ ఒకే రకం అక్షరాలతో, పక్కన ఒకే రకం సున్నాతో వరసగా నిలబడతాయి. కానీ బిన్ సంగతి కౌన్సిల్ లారీ చేతిలో ఉంది. ఫిల్టర్ సంగతి కిందటిసారి ఎప్పుడు మార్చామన్న దాన్ని బట్టి ఉంటుంది. అమ్మకి చేసే ఫోన్‌ది గుంటూరు గడియారం, తద్దినానిది చంద్రుడి లెక్క. యాప్ బాగుందో లేదో రంగులు చూసి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. నేనైతే ‘ఎప్పుడు’ అనే ఆ ఒక్క గడినే చూస్తాను.

టుడూయిస్ట్‌లో ఆ గడిని వెతుక్కోవాల్సిన పనే లేదు. 2007లో అమీర్ సలిహెఫెండిచ్ డెన్మార్క్‌లో చదువుకుంటూ, ముందు తన పనులు చక్కబెట్టుకోవడానికి రాసుకున్న యాప్ ఇది. పని పేరు రాస్తూ అదే వరసలో ‘ఎవ్రీ అదర్ ట్యూస్‌డే’ అని ఇంగ్లీషులో కొడితే, ఆ మాటల వెనక రంగు పరుచుకుంటుంది. తేదీ పట్టుకుంది అన్నమాట. మీరు రాసిన ‘ఫ్రైడే’ ఏ సినిమా పేరో అయితే, ఆ రంగు మీద ఒకసారి తాకండి, మామూలు మాటగా వదిలేస్తుంది. తనకేం అర్థమైందో చూపించడం, తప్పుగా అర్థమైతే దిద్దే వీలు అక్కడే ఇవ్వడం. మనుషుల్లోనే అరుదైన మర్యాద ఇది.

కానీ నన్ను ఎక్కువగా మెప్పించింది ఒక ఆశ్చర్యార్థకం. ‘ఎవ్రీ 3 మంత్స్’ అని రాస్తే అనుకున్న తేదీ నుంచి మూడేసి నెలలు లెక్కపెడుతుంది. మీరు ఇరవై రోజులు ఆలస్యం చేసినా తర్వాతి తేదీ కదలదు. ‘ఎవ్రీ! 3 మంత్స్’ అని రాస్తే, మీరు పని ముగించి టిక్కు పెట్టిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. బ్యాంకు వాయిదాకి మొదటిది కావాలి, నీళ్ల ఫిల్టర్‌కి రెండోది. నెల రోజులు ఊరెళ్లొచ్చి ఆలస్యంగా ఫిల్టర్ మార్చినవాణ్ణి రెండు నెలలకే మళ్లీ మార్చమంటే అర్థం లేదు కదా! పనుల్లో గడువుకి కట్టుబడేవి కొన్ని, చేసిన రోజుకి కట్టుబడేవి కొన్ని అని గమనించి, ఆ తేడానంతా ఒక్క గుర్తులో ఇమిడ్చారు. ఎవరో కూర్చుని బాగా ఆలోచించిన పని ఇది.

గుంటూరు ఫోన్ ఇంకో చిక్కు. న్యూ సౌత్ వేల్స్‌లో అక్టోబరు మొదటి ఆదివారం గడియారం గంట ముందుకు జరుగుతుంది, ఏప్రిల్ మొదటి ఆదివారం వెనక్కి వస్తుంది. ఇండియాలో ఆ బాధ లేదు. అమ్మ కాఫీ తాగి తీరుబడిగా కూర్చునే ఉదయం ఎనిమిది, గిరావీన్‌లో చలికాలం పన్నెండున్నర, ఎండాకాలం ఒంటిగంటన్నర. సిడ్నీ టైముకి కట్టేసిన ఫోన్ అక్టోబరు రాగానే ఆవిణ్ణి ఏడింటికే కదిలిస్తుంది. గూగుల్ క్యాలెండర్‌లో ప్రతి అంశానికీ విడిగా టైమ్ జోన్ పెట్టుకోవచ్చు. కోల్‌కతా అని ఎంచుకుంటే చాలు, గంట జరుపుకునే బాధ్యత గిరావీన్ వైపు పడుతుంది. జరుపుకోవాల్సింది కొడుకే, తల్లి కాదు.

ఈ తెలివి ఏ ఒక్క కంపెనీదో కాదు. క్యాలెండర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి 1998లో ఐక్యాలెండర్ ప్రమాణం వచ్చింది, 2009లో దాన్నే సవరించి ఆర్‌ఎఫ్‌సీ 5545 అనే పత్రంగా వెలువరించారు. అందులో సమయాన్ని మూడు తీరుల్లో రాయొచ్చు. ఏ ఊరికీ కట్టకుండా వదిలేసింది ఒకటి: బీపీ మాత్ర ఉదయం ఎనిమిదికంటే, దారిలో సింగపూర్‌లో దిగినా అక్కడి ఎనిమిదే. ప్రపంచమంతటికీ ఒకటే అయిన క్షణం రెండోది. ఫలానా ఊరి గడియారం ప్రకారం అని చెప్పేది మూడోది.

ఆ ఊళ్ల గడియారాల చరిత్రంతా టీజెడ్ డేటాబేస్ అనే మామూలు అక్షరాల ఫైళ్లలో ఉంటుంది. ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ 1980లలో మొదలుపెట్టాడు, పాల్ ఎగర్ట్ కొనసాగిస్తున్నాడు. సిడ్నీ ఒలింపిక్స్ కోసం 2000లో ఆగస్టు చివరి ఆదివారమే గడియారం ముందుకు తిప్పిన సంగతి అందులో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇండియా గంట ముందుకు నడిచిన సంగతీ ఉంది. 2011లో వీళ్లిద్దరి మీద కాపీరైట్ దావా వేసిందెవరో తెలుసా? ఆస్ట్రోలేబ్ అనే జాతకాల సాఫ్ట్‌వేర్ కంపెనీ! మరుసటి ఏడాది క్షమాపణ చెప్పి వెనక్కి తీసుకుంది. పుట్టిన ఊరి గడియారం తెలియకపోతే జాతకం రాయలేం కాబట్టి, గొడవ ఆ వైపు నుంచి రావడం సహజమే.

ఇక తద్దినం. ఇంతసేపూ మెచ్చుకున్న పనితనం ఇక్కడికొచ్చి ఆగిపోతుంది. సూర్యచంద్రుల మధ్య దూరం పన్నెండు డిగ్రీలు పెరిగితే ఒక తిథి. అది ముగిసే క్షణం లోకమంతటికీ ఒకటే, సూర్యోదయం మాత్రం ఊరూరికీ వేరు. 2026 ఉగాదినే చూడండి. చైత్ర శుద్ధ పాడ్యమి మార్చి 19న ఇండియా గడియారంలో ఉదయం 6.52 ప్రాంతంలో మొదలై, మర్నాడు తెల్లవారుజామున 4.52కి ముగుస్తుంది. అంటే తెలుగునాట ఏ సూర్యోదయానికీ పాడ్యమి లేదు, క్షయం. అందుకే 19నే పండగ. అదే పాడ్యమి సిడ్నీలో 19 మధ్యాహ్నం మొదలై, 20 ఉదయం పది దాటేదాకా ఉంటుంది. సూర్యోదయ తిథి లెక్కన గిరావీన్‌కి ఉగాది 20న. హైదరాబాద్‌లో అచ్చయిన గోడ క్యాలెండర్ ఇక్కడ తప్పుదారి పట్టించేది సరిగ్గా ఇలాంటప్పుడే.

దృక్ పంచాంగం యాప్‌లో ఊరు సిడ్నీ అని పెట్టుకుంటే ఈ లెక్క అదే వేస్తుంది. రాహుకాలం కూడా అంతే. అది పగటిలో ఎనిమిదో వంతు కాబట్టి, సిడ్నీలో డిసెంబరు చివర గంటా నలభై ఎనిమిది నిమిషాలు, జూన్ చివర గంటా పావుకి కాస్త తక్కువ. గంటన్నర అని కంఠతా పట్టినవాళ్లు గమనించాలి. కానీ ఆ యాప్ పంచాంగం చెబుతుంది, బిన్ సంగతి దానికి పట్టదు. బిన్ సంగతి పట్టే టుడూయిస్ట్‌కి ‘ప్రతి ఏడూ మాఘ బహుళ దశమి’ అని చెబితే అర్థం కాదు. అసలు తెలుగే రాదు.

దారి మాత్రం ఎవరో అప్పుడే వేసి ఉంచారు. 2015లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7529 ప్రకారం, చైనా కొత్త సంవత్సరంలా వేరే క్యాలెండర్ లెక్కన తిరిగొచ్చే రోజుల్ని కూడా రాసుకోవచ్చు. హీబ్రూ అధిక మాసం వస్తే ఏం చెయ్యాలో కూడా అందులో ఉంది. క్యాలెండర్ల పేర్లు యూనికోడ్ వాళ్ల జాబితా నుంచి తీసుకుంటారు. ఆ జాబితాలో ‘ఇండియన్’ అని ఒకటుంది, అది 1957లో ప్రభుత్వం తెచ్చిన శక క్యాలెండర్. మన చాంద్రమానం అందులో లేదు. లెక్కలు రావని కాదు, డెర్షోవిట్జ్, రైన్‌గోల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు 1997లోనే తమ పుస్తకంలో హిందూ చాంద్రమాన గణితానికి ప్రోగ్రాములు రాసి అచ్చువేశారు. గిరావీన్‌లోనూ, పక్కన వెంట్‌వర్త్‌విల్‌లోనూ సాఫ్ట్‌వేర్ తెలిసిన తెలుగువాళ్లకి కొదవ లేదు. ఒక పంచాంగకర్తని పక్కన కూర్చోబెట్టుకోండి. క్షయ తిథి వస్తే ఏం చెయ్యాలో, 2023లోలా అధిక శ్రావణం పడితే ఏం చెయ్యాలో రాసి, ఆ జాబితాలో చేర్చమని యూనికోడ్ వాళ్లకి పంపండి.